అరవైలో పదిహేడు మొక్కలకు ముడత.. ఐదేళ్ల శ్రమ వృథాయేనా?

పేరు రాయవద్దని కోరిన ఒక సోదరి ఉత్తరం ఇది. అమ్మ కాలం నుంచి ఏటా విత్తనం కట్టుకుంటూ వస్తున్న టమాటా రకం ఒకటి వాళ్ల దగ్గర ఉంది. రుచికి దానికి సాటి లేదంటారు. కానీ ఆకుముడత వైరస్‌కు అసలు ఆగదు. తెల్లదోమ ఉధృతంగా ఉండే కాలంలో నాటితే కాపు చేతికి రాదు. ఐదేళ్ల కిందట ఆమె, ముడతను తట్టుకునే ఒక హైబ్రిడ్ పుప్పొడిని తమ రకం పూలకు అద్ది గింజ పట్టించారు. రెండో ఏడు ఆ గింజలతో ఎనిమిది మొక్కలు పెంచితే ఐదు నిలిచాయి, మూడింటికి ముడత వచ్చింది. నిలిచిన వాటిలో మంచి కాయలున్న ఒక మొక్క నుంచి విత్తనం తీసి మూడో ఏడు 120 మొక్కలు వేశారు. 86 శుభ్రంగా ఉన్నాయి. వాటిలో కాయా రుచీ చూసి మూడు మొక్కలను ఎంచి ఒకటి, రెండు, మూడు అని విడివిడిగా పొట్లాలు కట్టారు. నాలుగో ఏడు చల్లని కాలంలో ఒకటో పొట్లం నుంచి 40 మొక్కలు వేస్తే ఒక్కదానికీ తెగులు రాలేదు. వాళ్ల అన్నయ్య ఆ మడి చూసి మురిసిపోయి, తెలిసిన ముప్పై మంది రైతులకు విత్తనం ఇస్తానని మాట ఇచ్చేశారు. ఆ 40 మొక్కల కాయలన్నీ కలిపి తీసిన విత్తనం 150 గ్రాములు ఇప్పుడు డబ్బాలో ఉంది.

పంచేముందు ఒకసారి సరిచూసుకుందామని ఈ ఏడు ఆమె ఒకటో పొట్లంలో మిగిలిన విత్తనంతో 60 మొక్కలను తెల్లదోమ కాలంలో నాటారు. పక్కన పాత రకం 20 మొక్కలు వేశారు. పాత రకంలో 19 ముడుచుకుపోయాయి. కొత్తవాటిలో 17 పోయాయి. “నేను చూసిందంతా భ్రమేనా? వైరస్ మారిపోయిందా? నూటికి డెబ్బై నిలుస్తున్నాయి కదా, అది చాలు, ఇచ్చేద్దాం అంటాడు అన్నయ్య. వద్దన్నందుకు నాతో మాట్లాడటం మానేశాడు. వ్యవసాయం చదివిన బంధువు ఒకాయన, ఇది ల్యాబులో చేసే పని, నీవల్ల కాదు అన్నాడు. మిగిలిన 43 మొక్కల కాయలు పండుతున్నాయి. అన్నీ కలిపి విత్తనం తీయమంటారా, పీకి పారేయమంటారా?” అని అడుగుతున్నారు.

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఈ సమాధానం పూర్తిగా చదివేలోపే కాయలు కోతకు వస్తే, ఆ 43 మొక్కల కాయలను మాత్రం కలపకండి. మొక్కకో గుర్తు కట్టి, ఏ మొక్క కాయ ఆ మొక్క సంచిలోనే వేయండి. మిగతావన్నీ తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. ఒకసారి కలిపిన విత్తనాన్ని మాత్రం మళ్లీ విడదీయలేరు.

ఇక మీ పదిహేడు మొక్కల సంగతి. అవి మీ ఓటమికి గుర్తు కావు. ఈ ఐదేళ్లలో మీ చేతికి అందిన అత్యంత విలువైన సమాచారం అవే. ఎందుకో చెబుతాను.

టమాటాలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ముడతను ఆపే జన్యువు రెండు ప్రతులూ ఉన్న మొక్కను ‘జంట’ అని, ఒకటే ఉన్నదాన్ని ‘ఒంటి’ అని, అసలు లేనిదాన్ని ‘ఖాళీ’ అని ఈ ఉత్తరం వరకు పిలుచుకుందాం. ఈ జన్యువు బహిర్గత లక్షణం కలదైతే జంట మొక్కా, ఒంటి మొక్కా రెండూ చేలో ఆరోగ్యంగానే కనిపిస్తాయి. కంటితో చూసి తేడా చెప్పలేం. తేడా తెలిసేది వాటి పిల్లల్లోనే. జంట మొక్క పిల్లలన్నీ జంటలే. ఒంటి మొక్క పిల్లల్లో నాలుగింట ఒకటి జంట, రెండు ఒంటి, ఒకటి ఖాళీ. మెండెల్ బఠాణీల్లో చూసిన 3:1 నిష్పత్తి ఇదే.

మీ లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. ఒకటో నంబరు మొక్క ఒంటి అనుకుంటే 60 పిల్లల్లో సుమారు 15 ఖాళీ కావాలి. మీకు 17 కనిపించాయి. 60 మొక్కల మడిలో 9 నుంచి 21 వరకు ఎన్ని వచ్చినా ఈ లెక్కకు లోబడే ఉన్నట్టు. రెండో ఏడు ఎనిమిదింట ఐదు నిలవడం కూడా అతుకుతుంది: మీరు వాడిన హైబ్రిడ్‌లోనే ఆ జన్యువు ఒంటిగా ఉండి ఉంటే, దాని పుప్పొడిలో సగానికే అది చేరుతుంది, మొదటి తరంలో సగం మొక్కలకే రక్షణ ఉంటుంది. అంటే మీ మడిలో ఒక బలమైన జన్యువు ఉన్నట్టే కనిపిస్తోంది, అది మీ పాత రకంలోకి వచ్చింది. మీరు ఎంచుకున్న మొక్క జంట కాకుండా ఒంటి అయింది, అంతే. నిలిచిన రెండో తరం (F2) మొక్కల్లో, అంటే మీ మూడో ఏటి 86లో, మూడింట రెండు వంతులు ఒంటివే ఉంటాయి కాబట్టి కళ్లతో ఎంచుకునే ఎవరికైనా ఎక్కువసార్లు జరిగేది ఇదే.

పాత రకం 20 మొక్కలు పక్కన వేయడం మీరు చేసిన అన్నిటికన్నా తెలివైన పని. అందులో 19 పోయాయి కాబట్టే వైరస్ ఆ మడిలో దాదాపు ప్రతి మొక్కనూ తాకిందని తెలిసింది, 43 నిలిచాయన్న మాటకు అర్థం వచ్చింది. నిరుడు చల్లని కాలంలో 40కి 40 శుభ్రంగా ఉండటానికి అలాంటి సాక్ష్యం లేదు. దోమ లేనప్పుడు ఖాళీ మొక్క కూడా పచ్చగానే ఉంటుంది. అది తెగులును తట్టుకున్న మొక్క కాదు, తెగులు నుంచి తప్పించుకున్న మొక్క. విత్తన ఎంపికలో ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. మూడో ఏడు 120లో నిలిచిన 86లోనూ ఇలా తప్పించుకున్నవి కొన్ని ఉండి ఉండొచ్చు. ఆ ఏడు పోలిక సాలు లేదు కాబట్టి ఎన్నో చెప్పలేం.

వైరస్ మారిపోయిందేమోనన్న భయం ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. వైరస్ ఆ జన్యువును దాటేసి ఉంటే అరవై మొక్కలూ ఇంచుమించు ఒకేలా దెబ్బతినాలి. 17 గట్టిగా ముడుచుకుని, 43 శుభ్రంగా ఉండటం అలాంటి చిత్రం కాదు. అయినా వచ్చే పరీక్షలో మీరు మొదట వాడిన హైబ్రిడ్‌ను కూడా పది మొక్కలు వేయండి. అదీ ముడుచుకుంటే అప్పుడు వైరస్‌ను అనుమానించాలి.

ఆ 17 మొక్కలను మరోసారి దగ్గరగా చూడమని కూడా కోరతాను. ఆకుముడత వైరస్ అయితే కొత్త చిగురు ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, పైకి దొన్నెలా ముడుచుకుని, మొక్క గిడసబారుతుంది. చిగురు బాగుండి కింది ముదురు ఆకులు మాత్రమే చుట్టుకుంటే అది వేడికో నీటి ఎద్దడికో వచ్చినది కావచ్చు. ఆకులు సన్నగా నారలా సాగి, ఈనెలు దగ్గర దగ్గరగా కనబడితే పక్క పొలంలో కొట్టిన 2,4-డి కలుపుమందు గాలికి వచ్చి తగిలిందేమో చూడాలి. ఆకుల మీద కంచు రంగు మచ్చలు, కాయల మీద వలయాలు ఉంటే అది తామర పురుగులు మోసే వేరే వైరస్. దానిమీద మీ జన్యువుకు ఏ పట్టూ ఉండదు. ఇలాంటివి రెండు మూడు ఈ 17లో కలిసిపోయి ఉంటే మీ లెక్క ఇంకా మెరుగవుతుంది.

ఇప్పుడు అన్నయ్య పంచుదామంటున్న డబ్బా. ఇది మీకు కష్టంగా అనిపించే భాగం, అయినా దాచకుండా చెప్పాలి. నూటికి డెబ్బై నిలుస్తాయని ఆయన అనుకుంటున్నది ఈ ఏడు మీరు చూసిన మడి లెక్క. డబ్బాలో ఉన్నది ఆ విత్తనం కాదు, దాని తర్వాతి తరం. ఆ 40 మొక్కల్లో పావు వంతు ఖాళీవి, చల్లని కాలం కాబట్టి దొరక్కుండా కాయలు కాశాయి. వాటి విత్తనమంతా ఖాళీయే. సగం ఒంటివి, వాటి విత్తనంలో మళ్లీ పావు వంతు ఖాళీ. రెండూ కలిపితే డబ్బాలోని విత్తనంలో ఎనిమిదింట మూడు, అంటే నూటికి 37కు పైగా ఖాళీవే. మీరు చూసిన నష్టం కన్నా రైతులు చూసేది ఎక్కువ. అలాగే ఏరకుండా మరో రెండు తరాలు కట్టుకుంటే అది నూటికి యాభై వైపు నడుస్తుంది. అన్నయ్యను ఒప్పించడానికి మీకు వేరే వాదన అక్కరలేదు. కాగితం మీద ఈ లెక్క వేసి చూపించండి. ఆయన ఉద్దేశం మంచిదే. ఆయన చేతిలో ఉన్న అంకె తప్పు.

మీ ముందు నాలుగైదు దారులున్నాయి. ఒక్కొక్కటీ ఎక్కడికి తీసుకెళ్తుందో చెబుతాను.

మొదటిది, డబ్బాలోని విత్తనాన్ని ఉన్నదున్నట్టు చెప్పి పంచడం. ఎనిమిదిలో మూడు పోవచ్చని ముందే చెప్పి ఇస్తే అబద్ధం ఆడినట్టు కాదు. కానీ నారుమడిలో జబ్బు మొక్కలను ఏరేయవచ్చనే ఆశ మాత్రం పెట్టుకోవద్దు. వైరస్ సోకిన రెండు మూడు వారాలకు గానీ లక్షణం కనబడదు, అప్పటికి నారు పొలంలో ఉంటుంది. పైగా ఆ ఖాళీ మొక్కలు వైరస్‌కు నిల్వ కుండలవుతాయి. దోమ వాటి మీద తాగి పక్క చేలకు వెళ్తుంది. ముప్పై పొలాల్లో ఒకేసారి ఇలా జరిగితే, నిజంగా మంచి విత్తనం మీ చేతికి వచ్చే రోజుకు దాన్ని నమ్మేవాళ్లు ఉండరు.

రెండోది, నిలిచిన 43 మొక్కల కాయలన్నీ కలిపి విత్తనం తీయడం. ఇది డబ్బా కన్నా చాలా మేలు. 43లో మూడింట ఒక వంతు జంటలు, మిగతావి ఒంటివి అనుకుంటే, కలగలుపు విత్తనంలో ఆరింట ఒకటే ఖాళీ. వచ్చే ఏడు తెల్లదోమ కాలంలో వేసి, పోయినవి పోగా నిలిచినవాటి విత్తనం మళ్లీ కలిపితే పదింట ఒకటి, ఆ తర్వాత పద్ధెనిమిదింట ఒకటి. శ్రమ తక్కువ, పుస్తకాల పని లేదు. లోపమేమంటే ఏళ్లు గడుస్తాయి, ఖాళీలు పూర్తిగా పోవు, ఏ ఏడు దోమ సరిగా రాకపోతే ఆ ఏడు వెనక్కి జారతారు. కాయ నాణ్యతను కూడా గుంపుగానే చూడాల్సి వస్తుంది.

మూడోది ‘మొక్కకో సాలు’. మీ స్థితిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదేనని నా అభిప్రాయం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

43లో కాయ, రుచి, కాపు బాగున్న పన్నెండు మొక్కలను ఎంచండి. వాటిలో ఒక్కటీ జంట కాకపోయే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ, సగటున నాలుగు ఉంటాయి. పన్నెండింటి విత్తనం విడివిడిగా తీసి వచ్చే తెల్లదోమ కాలంలో ఒక్కో మొక్క విత్తనం నుంచి 24 నారు మొక్కలు నాటండి. ఒకేచోట 24 కాకుండా మడిలో రెండు చోట్ల పన్నెండేసి వేస్తే, ఒక మూల దోమ తక్కువైనా మోసపోరు. మొత్తం 288 మొక్కలు. ఇరవై నాలుగే ఎందుకంటే, ఒంటి మొక్క పిల్లలు పదకొండు వేసినా, ఒక్క ఖాళీ కూడా బయటపడకుండా పోయే ప్రమాదం నూటికి నాలుగు పైన ఉంటుంది. పదిహేడు వేస్తే నూటికి ఒకటి లోపుకు వస్తుంది. ఇది వైరస్ ప్రతి మొక్కనూ తాకితే ఉండే లెక్క. సగం మొక్కలనే తాకితే అదే నమ్మకానికి ముప్పై అయిదు కావాలి. ఇరవై నాలుగు మధ్యస్థంగా సరిపోయే సంఖ్య.

వైరస్ తాకడాన్ని అదృష్టానికి వదలకండి. పరీక్ష మొక్కలు నాటడానికి మూడు వారాల ముందే మీ పాత రకాన్ని మడి చుట్టూ, ప్రతి నాలుగు సాళ్లకొక సాలుగా నాటండి. అవి ముందు జబ్బు పడి దోమకు వైరస్‌ను అందిస్తాయి. పరీక్ష సాళ్ల మధ్య కూడా అక్కడక్కడ పాత రకం నాలుగైదు మొక్కలు పోలికగా ఉంచండి. లెక్కలు పూర్తయ్యేదాకా పురుగుమందు, వల రెండూ వద్దు. చివరికి పోలిక మొక్కల్లో నూటికి తొంభైకి తక్కువ ముడుచుకుంటే ఆ ఏడు ఫలితాన్ని నమ్మకండి. ఇలా మందు కొట్టని మడి ఇరుగుపొరుగు టమాటాకు ముప్పు కాబట్టి వీలైనంత ఎడంగా ఎంచుకుని, పని కాగానే పాత రకం మొక్కలన్నీ పీకి నాశనం చేయండి.

నాటిన 30, 45, 60 రోజులకు మూడుసార్లు చూడండి. ‘వచ్చింది, రాలేదు’ అని రాయకుండా 0 నుంచి 4 వరకు మార్కు వేయండి: ఏమీ లేకపోతే 0, చిగురు ఆకు అంచున కాస్త పసుపు ఉంటే 1, పసుపుతో పాటు కొసలు కొంచెం ముడుచుకుంటే 2, బాగా ముడుచుకున్నా మొక్క పెరుగుతుంటే 3, ఎదుగుదల ఆగి గిడసబారితే 4. ఇది ఎందుకంటే, ముడతను ఆపే జన్యువుల్లో కొన్ని పూర్తిగా బహిర్గతం కావు. దోమ తాకిడి ఎక్కువైతే ఒంటి మొక్క 1 లేదా 2 చూపవచ్చు. దాన్ని ఖాళీతో కలిపి లెక్కేస్తే నిష్పత్తి చెడుతుంది. సాలు మొత్తం 0, 1 మధ్యే ఉంటే ఆ తల్లి మొక్క జంట. సాలులో పావు వంతు 3, 4కు చేరితే తల్లి ఒంటి. సుమారు నాలుగు సాళ్లు శుభ్రంగా, ఎనిమిది 3:1గా తేలితే మీ దగ్గరున్నది ఒకే ప్రధాన జన్యువని రుజువైనట్టు. అలా కాక సాలుకో తీరుగా మెట్లు మెట్లుగా వస్తే చిన్న చిన్న జన్యువులు చాలా కలిసి పనిచేస్తున్నాయని అర్థం. అప్పుడు ఒక్క ఏడాదిలో స్థిరపడదు, మంచి సాళ్లను ఏటా ఎంచుకుంటూ పోవాలి.

ఇందులో కనబడని గుంట ఒకటుంది. జంట మొక్క పూవు మీద తేనెటీగ పక్క ఖాళీ మొక్క పుప్పొడి వాల్చిందనుకోండి, ఆ గింజ ఒంటి అవుతుంది. వచ్చే ఏడు అది ఆరోగ్యంగానే ఉంటుంది, ఆ పై ఏడు దాని పిల్లల్లో ముడత మొదలవుతుంది. టమాటా ఎక్కువగా స్వపరాగ సంపర్కమే చేసుకుంటుంది కానీ పూర్తిగా కాదు, ముఖ్యంగా కీలాగ్రం పూవు బయటికి పొడుచుకువచ్చే పాత రకాల్లో. కాబట్టి విత్తనం కోసం ఎంచిన మొక్కల్లో రెండు మూడు గుత్తులకు మొగ్గ విడవకముందే పల్చని వల సంచి కట్టండి. కాయ నిలిచాక సంచి తీసి ఆ గుత్తికి దారం గుర్తు పెట్టండి.

ఇదే పరీక్షలో రెండో పొట్లం, మూడో పొట్లం విత్తనం కూడా ఇరవై నాలుగేసి వేయండి. ఆ రెండు తల్లులు నిజంగా నిలిచినవైతే, వాటిలో కనీసం ఒకటి జంట అయ్యే అవకాశం సగానికి పైనే. మీరు వెతుకుతున్నది రెండేళ్లుగా మీ అల్మరాలోనే ఉండి ఉండొచ్చు.

నాలుగో దారి డీఎన్‌ఏ పరీక్ష. మీ బంధువు మాటలో సగం నిజముంది. టమాటాలో ఈ తెగులుకు వాడుతున్న జన్యువుల్లో టీవై-1, టీవై-3 అన్నవి సొలానమ్ చిలెన్స్ అనే అడవి టమాటా నుంచి వచ్చాయి. ఆరో క్రోమోజోమ్ మీద ఒకే జన్యువుకు ఇవి రెండు రూపాలు. టీవై-2 సొలానమ్ హాబ్రోకైటిస్ నుంచి వచ్చింది, పదకొండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. చిన్న ఆకు ముక్కతో మొక్క జంటా, ఒంటా, ఖాళీయా అని నారు దశలోనే చెప్పే మార్కర్లు (డీఎన్‌ఏ గుర్తులు) వీటికి ఉన్నాయి. మీ 43 మొక్కల ఆకులు ఇప్పుడే ఇస్తే ఒక ఏడాది ఆదా అవుతుంది. కానీ మీ హైబ్రిడ్‌లో ఏ జన్యువుందో తెలియకపోతే ప్రయోగశాల తప్పు జన్యువు కోసం వెతికి ‘లేదు’ అనవచ్చు. అందుకే ఆ హైబ్రిడ్ ఆకును, మీ పాత రకం ఆకును కూడా పంపి టీవై-1, టీవై-2, టీవై-3 మూడింటికీ చూడమనండి. 17 జబ్బు మొక్కల్లో నాలుగైదు ఆకులు కూడా పంపితే మార్కర్, తెగులు ఒకదానితో ఒకటి నడుస్తున్నాయో లేదో తేలిపోతుంది. మార్కర్ జన్యువు ఉందని చెబుతుందే గానీ, మీ చేలో తిరుగుతున్న వైరస్‌ను అది ఆపుతుందని చెప్పదు. ఉదాహరణకు టీవై-2 కొన్ని రకాల ఆకుముడత వైరస్‌లకు నిలిచి, మరికొన్నిటికి లొంగుతుంది. కాబట్టి ల్యాబ్ ఉన్నా చేలో పరీక్ష తప్పదు, చేలో పరీక్ష ఒక్కటే ఉన్నా పని జరుగుతుంది. ఇది మీవల్ల అయ్యే పనే. ఇప్పటిదాకా చేసింది అదే.

మార్కర్లు టీవై-1 అనో టీవై-3 అనో తేల్చితే ఇంకో చిక్కుకు సిద్ధంగా ఉండండి. ఆ జన్యువుతో పాటు అడవి మొక్క క్రోమోజోమ్ ముక్క కూడా వస్తుంది, ఆ ప్రాంతంలో ముక్కలు విడిపోవడం చాలా అరుదు. జంట సాళ్లన్నిటిలో కాయ చిన్నదిగానో రుచి చప్పగానో ఉండి, ఖాళీ మొక్కల్లో మాత్రమే అమ్మగారి రకం రుచి కనబడితే కారణం అదే. అప్పుడు జంట మొక్కను మళ్లీ పాత రకంతో కలిపి, నిలిచిన పిల్లలను మళ్లీ పాత రకంతో కలిపి, ఇలా మూడు నాలుగు సార్లు వెనక్కి నడవాలి. మొదటి వెనుక సంకరంలో పాత రకం వాటా సగటున 75 శాతం, రెండోదానిలో 87.5, మూడోదానిలో 93.75. ప్రతిసారీ సగం మొక్కలే జన్యువును మోస్తాయి కాబట్టి ప్రతి మెట్టులోనూ తెగులు పరీక్ష ఉండాలి. రుచి ఇప్పటికే బాగుంటే ఈ బాధ మీకు లేదు.

ఐదోది, ఇక్కడితో ఆపేయడం. ఐదేళ్లు ఒంటరిగా మోసినవారికి ఆ హక్కు ఉంది, అందులో తప్పు లేదు. ఆపినా సరే, 43 మొక్కల విత్తనాన్ని విడివిడిగా తీసి బాగా ఆరబెట్టి, గాలి చొరని సీసాల్లో చల్లని చోట దాచండి. టమాటా విత్తనం నాలుగైదేళ్లు సులువుగా ఆగుతుంది. మనసు మారితే మీరో, మరొకరో అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు.

ఇక అన్నయ్య ఇచ్చిన మాట. దాన్ని వెనక్కి తీసుకోవడం, నిలబెట్టుకోవడం, ఈ రెండే దారులనుకుని మీరిద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు. మధ్యలో ఇంకో దారి ఉంది. వచ్చే ఏడు జంటలని తేలిన సాళ్ల విత్తనాన్ని ఆ ముప్పై మందిలో ఆసక్తి ఉన్న పదిమందికి పరీక్షకని ఇవ్వండి. తలా రెండు సాళ్లు, ఒక్కో సాలుకు ఇరవై మొక్కలు, పక్కన వాళ్లు మామూలుగా వేసే రకం ఇరవై. ఎక్కడ నిలిచింది, ఎక్కడ పడిపోయింది రాసుకునే బాధ్యత అన్నయ్యది. పది చేలల్లో వైరస్ ఒకే రకం కాకపోవచ్చు కాబట్టి మీ ఒక్క మడి చెప్పలేనిది ఆ పది మడులు చెబుతాయి. ఇందులోనూ చిక్కులుంటాయి: ఒకరు మందు కొట్టేస్తారు, ఒకరు సాళ్లు కలిపేస్తారు, ఇద్దరు లెక్క రాయరు. పదిలో ఆరు సరిగా వచ్చినా చాలు. మాట ఇచ్చినవారికి ఇప్పుడు ఆయన చెప్పాల్సింది కూడా చిన్నదే: “విత్తనం ఇంకా నిలకడకు రాలేదు. వచ్చే ఏడు మీ చేలోనే మీరే చూసి తీసుకోండి.”

పూర్తి స్థాయిలో పంచడానికి మాత్రం మరికొంత ఆగమంటాను. ముడత విషయంలో జంట తేలినా, కాయ ఆకారం, సైజు, పక్వ కాలం ఇంకా చెదురుతూనే ఉంటాయి. మీ 43 మొక్కలు మూడో తరం, అంటే F3. తల్లిదండ్రుల మధ్య తేడా ఉన్న జన్యువుల్లో సగటున పావు వంతు వాటిలో ఇంకా స్థిరపడలేదు. ఒక్కో తరానికి అది సగమవుతూ ఆరో తరానికి మూడు శాతం దగ్గరకు వస్తుంది. ఐదో, ఆరో తరం దాకా సాలుసాలుగా ఎంచుకుంటూ వెళ్తే తీసుకున్నవారు ఒకే రకం కాయ చూస్తారు. అమ్మే ఆలోచన ఉంటే హైబ్రిడ్‌ను మూలంగా వాడుకోవడం మీద పేటెంటు, సంచి మీది షరతుల లాంటివి ఏమైనా ఉన్నాయా, విత్తన అమ్మకానికి మీ చోట ఏ అనుమతులు కావాలి అన్నది ముందే విచారించండి.

పంచే రోజు వచ్చినప్పుడు రెండు జాగ్రత్తలు. ఆకుముడతకు భయపడాల్సింది దోమ గురించే, విత్తనం గురించి కాదు. కానీ పొగాకు మొజాయిక్ కుటుంబానికి చెందిన వైరస్‌లు గింజ మీది పొర పట్టుకుని ప్రయాణిస్తాయి. కాబట్టి విత్తనాన్ని 10 శాతం ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో 15 నిమిషాలు ఉంచి, ధారగా నీటితో బాగా కడిగి, నీడలో ఆరబెట్టండి. పైనున్న వైరస్ పోతుంది, గింజ లోపలికి చేరినది పోదు. అందుకే మొజాయిక్ మచ్చలున్న మొక్క కాయ విత్తనానికి పనికిరాదు.

రెండోది, తీసుకునేవారికి ఇది తెగులు సోకని టమాటా అని చెప్పవద్దు. జంట మొక్కలోనూ వైరస్ ప్రవేశిస్తుంది, తక్కువగా పెరుగుతుంది, మొక్క కాపు ఇస్తుంది. నారుమడికి దోమ దూరని సన్న వల, నాటిన మొదటి నాలుగైదు వారాలు దోమ మీద కన్ను, పాత జబ్బు మొక్కల ఏరివేత యథాప్రకారం సాగాలి. ఒక్క జన్యువు మీదే బరువంతా వేస్తే వైరస్ దాన్ని దాటే రోజు వస్తుంది. టమాటా మొజాయిక్ వైరస్‌ను దశాబ్దాల పాటు ఆపిన టీఎమ్-2 స్క్వేర్డ్ అనే జన్యువును 2014-15లో ఇజ్రాయెల్, జోర్డాన్‌లలో బయటపడ్డ కొత్త వైరస్, బ్రౌన్ రుగోస్, దాటేసింది. మీ జంట సాలు స్థిరపడ్డాక, వేరే క్రోమోజోమ్ మీద వేరే జన్యువున్న ఇంకో రకంతో దాన్ని కలపడం తర్వాతి పనిగా రాసిపెట్టుకోండి.

ఈ వారానికి మాత్రం చేయాల్సింది కొద్దే. 43 సంచులు, 43 చీటీలు, ఒక నోటు పుస్తకం. ప్రతి చీటీ మీద మొక్క సంఖ్య, ఈ రోజు మార్కు, కాయ బరువు, రుచి గురించి రెండు ముక్కలు. డబ్బాలోని 150 గ్రాములను పారేయకండి, ‘చల్లని కాలం, కలగలుపు, పంచడానికి కాదు’ అని రాసి పక్కన పెట్టండి. ఆ నోటు పుస్తకంలో మొదటి పేజీ మీద 60, 17, 20, 19 అన్న నాలుగు అంకెలు రాసి అన్నయ్య ముందు పెట్టండి. మాటలు మొదలుపెట్టడానికి అది చాలు.